విత్తనమా, పిలకా? మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అనుకోకుండానే ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఒకరు గుమ్మడి పాదు గురించి అడిగారు, ఒకరు అరటి తోట గురించి, ఇంకొకరు కుండీలో కనిపించిన పాము గురించి. అన్నిటి అడుగునా ఉన్నది మాత్రం ఒకటే: ఒక ప్రాణి నుంచి ఇంకో ప్రాణి ఎలా వస్తుంది, దానికి ఇద్దరు కావాలా, ఒక్కరు చాలా? ముప్ఫై ఏళ్లు గుంటూరులో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పినదాన్ని, ఈ పాఠం అంటే నాకు ఇప్పటికీ ప్రాణం. అందుకే ఈ సంచిక మొత్తం వీటికే ఇచ్చేశాను.

ప్రశ్న: మాది మూడో అంతస్తు. డాబా మీద గ్రో బ్యాగుల్లో గుమ్మడి, సొర పెట్టాను. తీగ బాగా పాకింది, పూలు విరగబూస్తున్నాయి. మొదటి పదిహేను రోజులు ఒక్క పిందె లేదు. ఇప్పుడు పిందెలు కనిపిస్తున్నాయి కానీ గోళీకాయంత ఉండగానే పసుపురంగుకు తిరిగి రాలిపోతున్నాయి. మందు ఏమైనా కొట్టాలా?
*ఒక గృహిణి, భవానీపురం, విజయవాడ*

ఏ మందూ కొట్టకండమ్మా. మీరు చెప్పినదాన్ని బట్టి పాదుకు జబ్బేమీ లేదు, పుప్పొడి అందడం లేదు, అంతే.

గుమ్మడి, సొర, బీర, కాకర, పొట్ల, ఈ కుటుంబంలో ఒకే తీగకు మగపూలు వేరుగా, ఆడపూలు వేరుగా పూస్తాయి. ముందుగా వచ్చేవి దాదాపు అన్నీ మగపూలే, అవి కాయవు, పూసి రాలిపోతాయి. మొదటి పదిహేను రోజులు మీకు పిందె కనపడకపోవడానికి కారణం అదే. రేపు పొద్దున గుమ్మడి పువ్వును దగ్గరగా చూడండి. పొడుగాటి సన్నని కాడ మీద ఊరికే పువ్వు మాత్రమే ఉంటే అది మగది, మధ్యలో ఒకే ఒక్క పసుప్పచ్చని కాడలాంటిది ఉంటుంది, వేలు పెడితే పొడి అంటుకుంటుంది. కాడ పొట్టిగా ఉండి, పువ్వు కింద చిట్టి గుమ్మడికాయ అప్పటికే తయారై ఉంటే అది ఆడది. దాని మధ్యలో పొడి ఉండదు, పాయలు పాయలుగా జిగురు ముద్ద ఉంటుంది. మీరు పిందె అనుకుంటున్నది ఆ చిట్టికాయనే, నిజానికి అది పువ్వు అండాశయం. పుప్పొడి ఆ జిగురు మీద పడాలి, ఒక్కో రేణువు నుంచి ఒక సన్నని గొట్టం మొలిచి లోపలికి దిగాలి, అక్కడ అండంతో కలవాలి, అప్పుడే అది పిందెగా నిలుస్తుంది. కలవలేదా, పాదు దాన్ని వదిలేసుకుంటుంది. గింజ కట్టని కాయకు నీళ్లూ బలమూ పెట్టడం తీగకు దండగ కదా.

కింద పెరట్లో అయితే ఈ పని తేనెటీగలు చేసిపెడతాయి. మూడో అంతస్తు దాకా, అందులోనూ నాలుగు కుండీల కోసం అవి రావడం తక్కువ. వచ్చే ఆ నాలుగింటినీ మందు కొట్టి చంపుకోవద్దంటున్నాను. మీరే చేయండి. పొద్దున్నే, ఎండ ముదరకముందే, అప్పుడే విచ్చిన మగపువ్వును కాడతో సహా తుంచి, రేకులన్నీ ఒలిచేసి, మధ్యలోని పొడిని ఆడపువ్వు జిగురు మీద మెల్లగా అన్ని వైపులా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. అన్ని వైపులా అని ఎందుకన్నానంటే, పుప్పొడి ఒక పక్కే అందితే ఆ పక్కే గింజలు కట్టి కాయ వంకర తిరుగుతుంది. సొరకు మాత్రం పొద్దున వెళితే లాభం లేదు, దాని తెల్లపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. బీర కూడా అంతే. దీపాలు పెట్టే వేళ డాబా ఎక్కండి.

ప్రశ్న: పదేళ్ల కిందట నూజివీడు చిన్నరసం ఒకటి అమృతంలా ఉందని ఆ టెంకను పెరట్లో పాతాం. మూడేళ్లుగా కాస్తోంది. కాయంతా పీచు, పుల్లటి పులుపు. టెంక అదే కదా, చెట్టు ఎందుకు మారింది?
*ఒక రిటైర్డ్ ఉద్యోగి, పటమట, విజయవాడ*

మీరు తిన్న గుజ్జు పూర్తిగా తల్లిచెట్టుదండీ. లోపలి టెంకలో ఉన్నది మాత్రం ఆ చెట్టు బిడ్డ. ఆ బిడ్డకు తండ్రి ఎవరో మనకు తెలియదు, పూత మీద ఏ ఈగో వాలి పక్కతోటలోంచి ఏ పుల్లమామిడి పుప్పొడినో తెచ్చి ఉంటుంది. మామిడికి ఎక్కువగా ఈగలే ఆ పని చేస్తాయి. తల్లి గుణాలు సగం, తండ్రివి సగం, అవి కూడా ఎలా కలుస్తాయో చెప్పలేం. ఒకే ఇంట్లో అన్నదమ్ములు ఒకేలా ఉంటారా? ఇదీ అంతే.

అందుకే నూజివీడు రైతు టెంక పాతి రసాల తోట వేయడు, అంటు కడతాడు. అంటు అంటే ఆ చెట్టు కొమ్మే ఇంకో వేరు మీద బతకడం. అక్కడ ఆడా మగా కలవడం లేదు, కొత్తగా పుట్టడమూ లేదు, ఉన్నదే కొనసాగుతోంది. ఈ లెక్కన మన జిల్లాల్లోని బంగినపల్లి చెట్లన్నీ ఎప్పుడో ఎక్కడో మొలిచిన ఒకే చెట్టు కొమ్మలు. ఈ ఆలోచన వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. కేరళ, కర్ణాటక తీరంలో కొన్ని మామిడి రకాలకు మాత్రం ఒకే టెంకలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో చాలావరకు తల్లి కణాల నుంచే తయారైనవి కాబట్టి అచ్చం తల్లిలాగే కాస్తాయి. మన రసాలకు ఆ గుణం లేదు.

మీ చెట్టును కొట్టేయకండి. వేరు బలంగా ఉంది. పెద్ద కొమ్మలు నరికి, కొత్త చిగుళ్లు వచ్చాక వాటి మీద చిన్నరసం అంటు కట్టించవచ్చు, నర్సరీ పని తెలిసినవాళ్లు చేస్తారు. ఒక కొమ్మ మాత్రం పులుపుకే వదిలేయండి, ఆవకాయకు పనికొస్తుంది.

ప్రశ్న: మాకు ఎకరం అరటి. పక్క చేలో అమృతపాణికి తెగులు వచ్చి కింది ఆకులు పసుపుబారి మానుకు వేలాడుతున్నాయి, మాను అడుగున చీలింది. మా నాన్న ఆ చేలోంచే పిలకలు తెద్దామంటున్నారు, పిలక పచ్చగానే ఉంది కదా అంటారు. అసలు అరటికి గింజ ఎందుకు ఉండదు? గింజ ఉంటే ఈ బాధ ఉండేదా?
*ఒక యువరైతు, కొల్లిపర, గుంటూరు జిల్లా*

ముందు మీ నాన్నగారికి చెప్పండి బాబూ, ఆ పిలకలు వద్దే వద్దు. మీరు రాసిన లక్షణాలు పనామా తెగులులా ఉన్నాయి. దుంపను అడ్డంగా కోస్తే లోపల ఎర్రగా, గోధుమరంగుగా చారలు కనిపిస్తే దాదాపు అదే, అయినా గుంటూరు దగ్గరి లాం ఫారం వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఒకసారి చూపించండి. అది నేలలో ఉండే శిలీంధ్రం, వేరులోంచి ఎక్కి నీరు వెళ్లే దారిని మూసేస్తుంది. పిలక పైకి పచ్చగానే ఉంటుంది, లోపల దుంపలో జబ్బు ఉంటుంది, దానికి అంటుకున్న మట్టిలోనూ ఉంటుంది. ఒకసారి మీ చేలోకి వచ్చిందా, పంట తీసేసినా పదుల ఏళ్లు నేలను వదలదు. అమృతపాణికి ఇది మరీ తొందరగా సోకుతుంది.

ఇక గింజ సంగతి. ఒక అరటిపండును అడ్డంగా కోసి చూడండి, మధ్యలో నల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. గింజలు కాబోయి ఆగిపోయినవి అవే. అడవి అరటిలో అదే చోట మిరియాలంత గట్టి గింజలు ఉంటాయి, పండు తినడానికి గుజ్జు ఎంతో ఉండదు. మామూలుగా జీవుల కణాల్లో గుణాలను మోసే క్రోమోజోములు జతలుగా ఉంటాయి, పుప్పొడో అండమో తయారయ్యేటప్పుడు ప్రతి జతా విడిపోయి చెరొకటి వెళుతుంది. అడవి అరటికి 11 జతలు, 22. మనం తినే అరటిలో ఎక్కువ రకాలకు మూడేసి చొప్పున 33. మూడింటిని ఇద్దరికి సమంగా పంచగలరా? పంపకం చెడుతుంది, పనికొచ్చే పుప్పొడీ అండమూ తయారవడం చాలా అరుదు. పండు మాత్రం ఫలదీకరణ, అంటే పుప్పొడి అండంతో కలవడం, లేకుండానే ఊరుతుంది. దుగ్గిరాల యార్డుకు వచ్చే పసుపుదీ ఇదే కథ, దానికి 21 చొప్పున మూడు వరసలు, మొత్తం 63, అందుకే కొమ్ము పాతుతాం తప్ప పసుపు విత్తనం చల్లినవాళ్లు లేరు.

వేల ఏళ్ల కిందట ఎవరో గింజలేని అరటిని చూసి, దాని పిలకను తవ్వి ఇంటి దగ్గర నాటుకున్నారు. అప్పటి నుంచి పిలక నుంచి పిలక. రుచి మారలేదు, పరిమాణం మారలేదు, అది లాభం. రోగాన్ని తట్టుకునే శక్తీ మారలేదు, అది నష్టం. ఒక చెట్టుకు వచ్చిన తెగులు అదే రకం అన్నిటికీ వస్తుంది, ఎందుకంటే అవన్నీ ఒకే చెట్టు. మధ్య అమెరికాలో గ్రోస్ మిషెల్ అనే రకాన్ని లక్షల ఎకరాల్లో వేసి ఓడల్లో ఎగుమతి చేసేవారు, ఈ పనామా తెగులే దాన్ని తినేసింది, 1960ల నాటికి కంపెనీలు కావెండిష్ రకాలకు మారాల్సి వచ్చింది. మీ ఊళ్లో వేసే గ్రాండ్ నైన్ కావెండిష్ కుటుంబంలోదే. ఇప్పుడు కావెండిష్‌నూ పడగొట్టే కొత్త జాతి శిలీంధ్రం వచ్చింది, మన దేశంలో బిహార్‌లోనూ కనిపించింది. అందుకే పిలక తెచ్చేముందు తోట చూడమనడం. నాకైతే ల్యాబ్‌లో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కలే మంచివనిపిస్తుంది. పిలకలే కావాలంటే తెగులు ఎన్నడూ రాని చేలోంచి కత్తుల్లాంటి సన్నని ఆకులుండే సూది పిలకలు తీసుకుని, దుంప శుభ్రంగా చెక్కి, శుద్ధి చేసి నాటండి. పక్క చేను నీళ్లు మీ చేలోకి పారకుండా గట్టు వేయండి, ఇది అన్నిటికంటే ముందు.

ప్రశ్న: కోడిగుడ్డులో ప్రాణం ఉంటుందని మా అత్తగారు, ఉండదని మావారు. పుంజు లేకుండా పెట్ట గుడ్డు పెడుతుందా?
*ఒక పాఠకురాలు, గన్నవరం*

పెడుతుంది. గుడ్డు పెట్టడం పెట్ట శరీరం చేసుకునే పని, పుంజుతో పనిలేదు. దుకాణంలో ట్రేలలో వచ్చే గుడ్లు పుంజులు లేని ఫారాల్లోవి, వాటిని ఎన్ని రోజులు పొదిగినా పిల్ల రాదు. పుంజు తిరిగే వాకిట్లో నాటుకోడి పెట్టిన గుడ్డు సంగతి వేరు, అందులో పిండం మొదలై ఉండవచ్చు, పెట్ట పొదగకపోతే అక్కడే ఆగిపోతుంది. ఒకసారి పుంజు కలిస్తే ఆ వీర్యం పెట్ట శరీరంలో రెండు వారాల వరకు నిలవ ఉంటుంది కాబట్టి, నిన్న పుంజును అమ్మేశాం అన్నా నేటి గుడ్డు పిల్ల కావచ్చు. అత్తగారు నాటుగుడ్డు గురించి, మీవారు ఫారం గుడ్డు గురించి మాట్లాడుతున్నారేమో చూడండి, అప్పుడు ఇద్దరి మాటా చెల్లుతుంది.

ప్రశ్న: వానపామును రెండు ముక్కలు చేస్తే రెండు వానపాములు అవుతాయా?
*ఏడో తరగతి విద్యార్థి, మంగళగిరి*

అవ్వవు నాన్నా, చేయకు. తోక ముక్క కాసేపు కదిలి చచ్చిపోతుంది. తల ముక్క పొడుగ్గా మిగిలి ఉంటే కొన్నిసార్లు బతికి తోక పెంచుకుంటుంది, అంతే. ముక్కలు చేస్తే ముక్కకొకటిగా బతికేది ప్లనేరియా అనే చిన్న బల్లపరుపు పురుగు. వానపాములో ఇంకో విచిత్రం ఉంది, ప్రతి వానపాములోనూ ఆడ భాగాలూ మగ భాగాలూ రెండూ ఉంటాయి, అయినా మామూలుగా పిల్లల కోసం ఇంకో వానపాముతో కలిసి వీర్యం ఇచ్చిపుచ్చుకుంటుంది. వానాకాలంలో దొరికితే అరచేతిలో పెట్టుకుని చూడు, తల వైపు ఒక పట్టీ కనిపిస్తుంది. గుడ్ల సంచి తయారయ్యేది ఆ పట్టీ దగ్గరే.

ప్రశ్న: గులాబీ కుండీ మార్చుతుంటే మట్టిలోంచి నల్లగా మెరుస్తూ జానెడు కూడా లేని పాము వచ్చింది. పాముపిల్ల అని భయపడి కొట్టేశారు. పది రోజులకు ఇంకోటి. తల్లిపాము ఇంట్లో ఎక్కడో ఉందని పిల్లలకు నిద్ర లేదు. ఏం చేయాలి?
*ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు*

హాయిగా నిద్రపోమనండి. మీ ఉత్తరం చదివితే అది గుడ్డిపాములా ఉంది, పిల్ల కాదు, దాని పూర్తి సైజే అంత. విషం లేదు, కరవడానికి నోరూ చాలదు. చీమల, చెదల గుడ్లూ పిల్లలూ తిని బతుకుతుంది. వానపాము అనుకునేవాళ్లూ ఉంటారు, కానీ దీనికి ఒంటి మీద ఉంగరాలు ఉండవు, నున్నటి పొలుసులు ఉంటాయి, పరీక్షగా చూస్తే పొలుసు కింద కళ్లు రెండు నల్లచుక్కల్లా కనిపిస్తాయి. తలా తోకా ఒకేలా ఉంటాయి కాబట్టి మనవాళ్లు దీన్ని రెండుతలల పాము అన్నారు. 1796లో పాట్రిక్ రస్సెల్ అచ్చు వేయించిన కోరమాండల్ తీరపు పాముల పుస్తకంలో విశాఖపట్నం ప్రాంతం నుంచి దొరికిన దీని బొమ్మ ఉంది, కింద ఆ తెలుగు పేరే ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. 1803లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది ఆ బొమ్మ ఆధారంగానే.

మీరు తల్లిపాము అన్నారు కదా. ఈ జాతిలో అన్నీ తల్లులే. మగవి లేవు. ఆడపాము తనంతట తానే గుడ్లు పెడుతుంది, ఫలదీకరణ లేకుండానే వాటిలోంచి పిల్లలు వస్తాయి, వచ్చినవన్నీ మళ్లీ ఆడవే. దీన్ని అనిషేకజననం అంటారు. అరటికి ఉన్నట్టే దీనికీ క్రోమోజోములు మూడు వరసలు, కానీ పంపకం చెడిపోయి ఆగిపోవడానికి బదులు ఈ పాము ఇంకో దారి పట్టింది. ఆ దారి దాన్ని ఎంత దూరం తీసుకెళ్లిందంటే, కుండీ మట్టిలో ఒక్కటి ఓడెక్కితే చాలు, దిగిన దేశంలో జోడీ వెతుక్కునే పనే లేదు. అలా కుండీల మట్టితో ఖండాలు దాటి, అమెరికా, ఆఫ్రికా, పసిఫిక్ దీవుల దాకా పాకింది. నాకు తెలిసి ఇంత లోకం చూసిన మన నేల పాము ఇంకోటి లేదు. ఈసారి కనిపిస్తే ఒక కాగితం మీదికి ఎక్కించి తోటలో వదిలేయండి, దయచేసి కొట్టకండి.

ప్రశ్న: మొక్కల రసం పీల్చే పేనుబంక పురుగుల్లో ఆడవే ఆడవాటిని కంటాయని క్లాసులో విన్నాను. అంత తేలిగ్గా పని జరుగుతుంటే ప్రకృతిలో మగ ఎందుకు మేడం? సెక్స్ అవసరం ఏంటి?
*డిగ్రీ విద్యార్థి, గుంటూరు*

ఈ ప్రశ్న పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను కూడా కుదురుగా కూర్చోనివ్వలేదు. మొహమాటపడకుండా అడిగినందుకు సంతోషం.

ముందు నీ మాటలో నిజం ఎంతో చూద్దాం. చిక్కుడు తీగ చివర పేనుబంక గుంపును భూతద్దంలో చూడు, పెద్ద పురుగు వెనక నుంచి కాళ్లతో సహా పిల్ల బయటికి వస్తూ కనిపిస్తుంది. గుడ్డు లేదు, మగ లేదు. ఆ పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్ల పెరగడం మొదలై ఉంటుంది, అంటే మూడు తరాలు ఒకే ఒంట్లో. 1740లో షార్ల్ బోనే అనే కుర్రవాడు, అప్పటికి నీ వయసే, ఒక పేనుబంకను పుట్టిన క్షణం నుంచి ఒంటరిగా పెట్టి, మగ తగలకుండానే అది పిల్లలను కనడం కళ్లారా చూసి నిరూపించాడు. లెక్క కూడా నీ వైపే ఉంది. పది పిల్లలు పుడితే పదీ ఆడవైతే పదీ కంటాయి. సగం మగవైతే కనేవి ఐదే. ఖాళీగా ఉన్న చోటును ఆక్రమించడానికి ఒంటరి దారిని మించింది లేదు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గుర్రపుడెక్క మన బందరు కాలువను నింపేసేది ముఖ్యంగా పక్కపిలకలతోనే. పాలలో తోడు వేసిన చెంచాడు పెరుగు తెల్లారేసరికి గిన్నెడు అయ్యేది ఆ బాక్టీరియా ఒకటి రెండుగా, రెండు నాలుగుగా విడిపోతూ పోవడం వల్లే.

మరి మగ ఎందుకు? అందరూ ఒకేలా ఉంటే ఒక్క తాళంచెవితో ఊళ్లోని ఇళ్లన్నీ తెరవవచ్చు. రోగక్రిములు, పరాన్నజీవులు ఆ దొంగలు. వాటి తరాలు మనకంటే చాలా తొందరగా మారతాయి, కొత్త తాళంచెవులు అరగదీస్తూనే ఉంటాయి. ఐర్లండ్‌లో పేదలు బతికింది దుంప ముక్కలు పాతి పండించిన బంగాళదుంప మీద, అదీ ఎక్కువగా ఒకే రకం మీద. 1845లో తెగులు దిగింది, తర్వాతి కొన్నేళ్లలో దాదాపు 10 లక్షల మంది ఆకలికీ రోగాలకూ పోయారు. బ్రిటిష్ దొరల పాలన తీరు ఆ చావులను ఇంకా పెంచింది, అది వేరే చర్చ, కానీ పొలం అంత సులువుగా కూలిపోవడానికి ఆ ఒకేలా ఉండటం ఒక పెద్ద కారణం. ఇద్దరు కలిసి కన్నప్పుడు ప్రతి బిడ్డకూ తాళం మారుతుంది. మనిషినే తీసుకో, 23 జతల్లో ఏ జతలో ఏది వెళుతుందన్న దాని మీదే ఒక్కొక్కరి నుంచి 83 లక్షలకు పైగా కూర్పులు సాధ్యం, తల్లివీ తండ్రివీ కలిపితే ఎన్నో గుణించుకో, క్రోమోజోముల మధ్య ముక్కలు మారడం ఇంకా లెక్కలో వేయలేదు.

ఇది ఊహ మాత్రమే కాదు. న్యూజిలాండ్ మంచినీటి నత్తల్లో ఒకే జాతిలో మగతో కలిసి కనేవీ, ఒంటరిగా కనేవీ పక్కపక్కనే ఉంటాయి. పరాన్నజీవులు ఎక్కువగా ఉన్న చోట మగ నత్తలు ఎక్కువగా కనిపించాయి. మన పేనుబంక కూడా చలిదేశాల్లో ఏడాదంతా ఒంటరిగా కని, శీతాకాలం ముందు మాత్రం మగవాటిని పుట్టించి, వాటితో కలిసి గుడ్లు పెడుతుంది. మన దగ్గర గడ్డకట్టే చలి లేదు కాబట్టి దానికి ఆ అవసరం పెద్దగా రాదు. అయినా ఇదే పూర్తి జవాబు అని నేను అనను, చెడు మార్పులు పోగుపడకుండా వదిలించుకోవడానికని మరో వాదన ఉంది, రెండూ కలిసే పనిచేస్తాయని నా నమ్మకం. పీజీలో ఎవల్యూషన్ తీసుకో, నీలాంటివాళ్లు కావాలి.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి. స్కూల్లో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి "ఇది ఇంట్లో చదువుకోండి" అని తర్వాతి పాఠానికి వెళ్లిపోయారట. నన్ను అడిగింది. నాకు ఎలా చెప్పాలో తెలియక టెన్షన్ పడి, తర్వాత చెబుతా అన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?
*ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు*

మీ ఉత్తరం చదివి నాకు బాధ, కోపం రెండూ వచ్చాయి. మీ మీద కాదమ్మా. పువ్వు పాఠం చెప్పి పిల్లల పాఠం దాటేసే టీచర్లను నేనూ స్టాఫ్‌రూముల్లో చూశాను. చెప్పకుండా వదిలేసిన పాఠాన్ని పిల్లలు ఫోన్లో నేర్చుకుంటారు, అక్కడ ఏం చూస్తారో మీకు తెలియంది కాదు.

పువ్వుతోనే మొదలుపెట్టండి. రేపు పూజకు కోసే మందారాల్లో ఒకటి పక్కన పెట్టి, అమ్మాయిని వంటింటి గట్టు దగ్గరికి పిలవండి. రేకులు తీసేస్తే మధ్యలో పొడుగాటి గొట్టం, దాని చుట్టూ పసుపు పొడి, చివర ఐదు ఎర్రని చుక్కలు. పొడి మగభాగం, ఐదు చుక్కలు ఆడభాగం. అడుగున బుడిపెను గోటితో చీల్చితే లోపల ఆవగింజ కంటే చిన్న తెల్లటి అండాలు, ఫోన్ కెమెరా జూమ్ చేస్తే బాగా కనిపిస్తాయి. మన పెరటి ఎర్రమందార గింజ కట్టడం చాలా అరుదు, మనం పాతేది కొమ్మనే, అది కూడా చెప్పండి. తర్వాత అదే కుటుంబంలోని బెండకాయను అడ్డంగా కోసి ఆ ఐదు గదులూ, వాటిలో గింజలూ చూపించండి. రెండు దారులూ ఒకే గట్టు మీద కనిపిస్తాయి.

మనిషి దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గించకండి. అదే గొంతుతో చెప్పండి, తల్లి అండం, తండ్రి వీర్యకణం, చెరి 23 క్రోమోజోములు, నెలసరి ఎందుకు వస్తుంది, గర్భసంచి అంటే ఏంటి. ఒక్క సంగతి మాత్రం మర్చిపోకుండా చెప్పండి: అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది, వీర్యకణంలోనే ఎక్స్ ఉండవచ్చు, వై ఉండవచ్చు. ఆడపిల్లా మగపిల్లాడా అన్నది ఆ వీర్యకణంతో తేలుతుంది. మూడోసారీ ఆడపిల్లేనా అని కోడలిని సాధించిన ఇళ్లు నేను ఈ ఊళ్లోనే చూశాను, ఆ మాట తప్పని మీ అమ్మాయికి పదిహేనేళ్లకే తెలియాలి. మీవారూ పక్కనే కూర్చుంటే ఇంకా మంచిది.

తను అడిగిన ప్రశ్నల్లో మీకు జవాబు రానివి ఉంటే కాగితం మీద రాసి పెట్టమనండి. ఈసారి ఉత్తరం తన చేతే రాయించండి.